ఆరో గోళం మీద దీపం

రోజు 203

గాలి బాగుంది. తేమ నలభై ఒకటి. రెండో కంప్యూటర్ దగ్గరి కుర్చీ బెల్టు తెగితే కుట్టాను. మూత కప్పులు పద్దెనిమిది ఉండాలి, పదహారే ఉన్నాయి. మిగతా రెండూ ఎవరి గదిలో ఉన్నాయో నాకు తెలుసు. రేపటికల్లా వాళ్లే తెచ్చి పెడితే పరువు దక్కుతుంది.

విశ్రాంతి గది బాధ్యత ఎవరిదైతే వాళ్లు ఈ పుస్తకంలో రోజూ రాయాలన్నది ఇక్కడి నియమం. పదకొండేళ్లుగా నేనే రాస్తున్నాను. ఒక్కరంటే ఒక్కరు తిరగేసి చూసిన పాపాన పోలేదు. అందుకని కప్పుల సంగతితో పాటు నాకు తోచింది కూడా రాసుకుంటాను. నా అసలు పని నీళ్ల పరీక్ష. పేరు సారక్క.

ఇవాళ డాక్టర్ నిఖత్ మా బావ కళ్లు పరీక్ష చేసింది. బావ అంటే మా అక్క సమ్మక్క భర్త, ఓదెలు. ముప్ఫై నాలుగేళ్లు బాయిలో మంచు కోశాడు. ఇక్కడ మంచు గనిని అందరూ బాయి అనే అంటారు. బొగ్గు గనుల్లో పనిచేసిన తాతల మాట అలాగే చంద్రుడి దాకా వచ్చింది. ఇక్కడ ఒంటికి బరువు తక్కువ. రక్తం తలలోనే తిష్ఠ వేసి కళ్ల వెనక నుంచి ఒత్తుతుంది. చాలామందికి అది కళ్లద్దాలతో సరిపోతుంది. బావకు సరిపోలేదు. కుడి కన్ను పోయింది. ఎడమ కంటికి గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త కనిపిస్తుందట.

“నెల, మహా అయితే నెలన్నర,” అంది డాక్టర్. “రెండు వందల అరవై రెండో రోజున ఓడ ఉంది. మీరిద్దరూ భూమికి దిగిపోండి. అక్కడి బరువుకు జబ్బు ఆగొచ్చు. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.”

“నెలన్నర అంటె సరిపోతది,” అన్నాడు బావ.

సామాన్లు సర్దుకోవడానికి అనుకుంది పాపం డాక్టర్. ఆయన అన్నది ఆరో గోళం గురించి.

రోజు 204

గాలి, తేమ మామూలే. కప్పులు వచ్చాయి.

ఈ గదిలో నాలుగు కంప్యూటర్లు, నాలుగింటిలోనూ ఒకటే ఆట. పేరు సంచారి. మొదటి జట్టు వాళ్లు తెచ్చుకున్నారట, తయారుచేసిన వాళ్లు ఇప్పుడు లేరు. అందులో తొమ్మిది గోళాలు. మనకు గోళం నుంచి గోళానికి ఎగిరే ఒక చిన్న పడవ, ఒక దీపం, ఒక తాడు ఇస్తారు. శత్రువులు లేరు, పాయింట్లు లేవు. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు. ఏదో కనిపిస్తుంది, అదేమిటా అనిపిస్తుంది, వెళ్తాం. తెలుసుకోవడం తప్ప ఇందులో సంపాదించేది ఏమీ ఉండదు. ఒకసారి తెలిశాక మళ్లీ తెలియనట్టు ఆడటం ఎవరి తరమూ కాదు.

అందుకే ఈ గదిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరికైనా కొత్తది దొరికితే గదిలో ఉన్న అందరికీ చాయ్ పెట్టాలి. అందరూ తాగాలి. ఏం దొరికిందని ఎవరూ అడగకూడదు, దొరికిన వాళ్లు చెప్పకూడదు. కనకయ్య ఒకసారి మూడో గోళం సంగతి అన్నం తింటూ నోరు జారాడు. ఆర్నెల్లు వాడి పక్కన కూర్చుని తిన్నవాళ్లు లేరు.

బావ ఎనిమిది గోళాలూ చూసేశాడు. మిగిలింది ఆరోది. నాలుగో గోళం మీద పొద్దుగూకేటప్పుడు నిలబడి చూస్తే దూరాన ఆరో దాని మీద నీలంగా ఏదో మెరుస్తుంది. తీరా అక్కడికి వెళ్తే తెల్లటి ఉప్పు మైదానం, నల్లటి ఆకాశం, ముప్ఫై ఒక్క నిలువు రాళ్లు. ఇంకేమీ ఉండదు. ఆ మెరిసేది ఏమిటని బావ ఆరేళ్లుగా వెతుకుతున్నాడు.

నాకు నాలుగేళ్ల కిందే దొరికింది. దీపం ఆర్పాలి, అంతే. ఆర్పితే రాళ్లు ఒకదాని తర్వాత ఒకటి నీలంగా వెలిగి దారి చూపిస్తాయి. ఆ దారి చివర నేలలో ఒక తలుపు, కింద గుండ్రటి గది. లోపలికి దిగి దీపం వెలిగించి నాలుగు మూలలా చూశాను. నున్నటి గోడలు, ఖాళీ. అయినా సరే, ఆ రాళ్లు వెలిగినప్పుడు ఒళ్లు ఝల్లుమంది. ఆ రోజు పెట్టిన చాయ్‌లో చక్కెర వేయడం మరిచిపోయాను.

నేను గొప్పదాన్నని కాదు. సీసా అడుగున మడ్డి ఉందో లేదో చూడాలంటే మేము ముందు బల్ల మీది లైటు ఆర్పి, పక్క నుంచి సన్నటి వెలుగు వేస్తాం. నాది ఆ అలవాటు. బాయి వాళ్ల అలవాటు వేరు. లోపల దీపం ఆరిపోతే మనిషి పోయినట్టే లెక్క. కొత్తగా చేరిన వాళ్లకు మొదటి రోజు మొదటి పాఠం అదే. బావ ఇంట్లో పడుకున్నప్పుడు కూడా తల దగ్గర చిన్న లైటు వెలగాల్సిందే. ఆరేళ్లు కాదు, అరవై ఏళ్లు ఆడినా ఆ చెయ్యి ఆ బటన్ మీదికి పోదు.

రోజు 211

గాలి ఫిల్టర్లు కడిగే రోజు. నాలుగు గంటలు పట్టింది. దుమ్ము గోళ్లలోకి కూడా ఎక్కింది.

కడుగుతుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది.

“నీకు ఎరుకనే గదనే సారక్కా. మీ బావకు చెప్పరాదు?”

“చెప్పద్దు గదక్కా.”

“కండ్లు పోయేటోనికాడ గీ నియమాలేందే? రాతిరి నిద్రల గూడ రాళ్లు లెక్కవెడుతున్నడు.”

అక్క ఈ ఆటను ఎప్పుడూ ముట్టుకోలేదు. పనిలేని పని అంటుంది. అయినా తను అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు నాకు. చేతులు కడుక్కుని నేరుగా బావ దగ్గరికి వెళ్లాను. స్క్రీన్‌కు జానెడు దూరంలో మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

“బావా, చెప్పమంటవా?”

ఆయన జాయ్‌స్టిక్ వదల్లేదు. “చెప్పినవనుకో మరదలా, మళ్ల నీ మొఖం చూడ.” తనే నవ్వాడు. “ఎట్లాగు చూడలేనుగని, అది వేరే ముచ్చట.”

నాకు నవ్వు రాలేదు.

రోజు 219

తేమ ముప్ఫై ఎనిమిది, తక్కువ. నీళ్ల గిన్నె పెట్టాను.

ఎడమ కంటి గొట్టం ఇంకా సన్నబడింది. బావకు స్క్రీన్ మీద తెలుపు, నలుపు తెలుస్తున్నాయి కానీ రాయి ఏదో నీడ ఏదో తెలియడం లేదు. “నువ్వు పక్కన కూసోని ఏం కనవడుతున్నదో చెప్పు. దొరికింది చెప్పకు, కనవడేది చెప్పు,” అన్నాడు. సరేనన్నాను. షిఫ్ట్ దిగాక రోజూ రెండు గంటలు.

ఆయన నడుపుతాడు, నేను చెబుతాను. ఎడమ పక్క రాయి, ముందు చదును, వెనక నీ అడుగుల గుర్తులు. మేమిద్దరం ఇంతసేపు కలిసి కూర్చోవడం ఇన్నేళ్లలో ఎప్పుడూ జరగలేదు.

రోజు 223

ఇవాళ జరిగింది రాయకుండా ఉండలేను.

బావ ఒక రాయి దాటి గిర్రున వెనక్కి తిరిగాడు. దీపం వెలుగు అటు తిరిగింది. ఇటు చీకట్లో ఉండిపోయిన రాయి అంచు మీద సన్నగా నీలం రంగు కనిపించింది. ఉన్నది రెండు సెకన్లే, అయినా కనిపించింది.

“ఏమన్న ఉన్నదా?” అన్నాడు.

“ఏం లేదు బావా. రాళ్లే,” అన్నాను.

చెబితే దొరికిపోతుందని భయపడ్డాను. దొరికింది చెప్పకూడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రోజు 227

కప్పులు పద్దెనిమిది. ఇవాళ మూడు సార్లు కనిపించింది. మూడు సార్లూ చెప్పకుండా మింగేశాను.

రోజు 231

ఐదు సార్లు. బావ ఊరికే వెనక్కి తిరుగుతున్నాడు. ఆయన మనసుకు ఏదో తడుతోంది. “గీ పక్కకు తిరిగితె ఏమన్న మారుతున్నదా?” అని అడుగుతున్నాడు. లేదంటున్నాను. ఇవాళ ఆయన మైదానం వదిలేసి వేరే వైపు వెళ్లాడు, నేను లేదన్నాను కాబట్టి.

కట్టుబాటు ప్రకారం దొరికింది చెప్పకూడదు. కంటికి కనిపించింది దాచమని ఎవరూ అనలేదు. ఆయన కళ్లు బాగుండి ఉంటే ఈపాటికి ఆ నీలం చూసి ఉండేవాడు. ఉన్న కొద్ది రోజుల్లో తొమ్మిది రోజులు నా చేతులారా పాడుచేశాను. సిగ్గుగా ఉంది.

రోజు 232

చెప్పేశాను.

“బావా, కనవడ్డయన్ని నీకు చెప్తలేను. ఒకటి దాస్తున్న. దినాం కనవడుతున్నది.”

ఆయన జాయ్‌స్టిక్ వదిలేశాడు. గదిలో ఇంకో ముగ్గురున్నారు, వాళ్లూ ఆడటం ఆపారు.

“ఎన్ని దినాల సంది?”

“తొమ్మిది.”

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. “నాది తప్పు,” అన్నాడు. “నీకు ఎరుకున్నది. ఎరుకున్నోళ్ల కండ్లు తెచ్చి పెట్టుకున్న. నువ్వు చెప్పినా ఇబ్బందే, చెప్పకున్నా ఇబ్బందే.”

“ఇప్పుడు చెప్త.”

“వద్దు. నువ్వు రేపటి సంది రాకు.”

వెళ్లి మూడో ట్యాంకు నీళ్లు రెండోసారి పరీక్ష చేశాను, అవసరం లేకపోయినా. ఏడుపు వచ్చింది. మామూలుగా నేను ఏడ్చేదాన్ని కాదు.

రోజు 233

కొత్త కళ్లు ఎవరివో ఇవాళ తెలిసింది. మా అక్కవి. ఎప్పుడూ ఆడని మనిషి, అక్కడేముందో ఏమీ తెలియని మనిషి. ఆటంటేనే చిరాకు. బావకు కావలసింది అదే.

నేను కప్పులు తుడుస్తున్నట్టు నటిస్తూ విన్నాను.

“ఏమున్నది?”

“తెల్లగున్నది.”

“ఇంక?”

“ఇంక గూడ తెల్లగనే ఉన్నది. పిండి ఆరవోసినట్టు. గీ పక్క బండలున్నయ్. ఎవడు పాతిండో, ఒక్కటి సక్కగ పాతలే. నాలుగోది ఒంగింది.”

నాలుగోది వంగి ఉందని నాకు తెలియదు. నాలుగేళ్లలో నేను చూడలేదు.

పడవ పైకి లేచినప్పుడు మాత్రం అక్క కళ్లు గట్టిగా మూసుకుంటుంది, కడుపులో తిప్పుతుందట. ఆరో గోళం దాకా బావ ఆరేళ్ల చేతి అలవాటుతోనే నడిపేస్తాడు. ఒకరికి కళ్లు ఆనవు, ఇంకొకరు మూసుకున్నారు. అయినా పడవ సరిగ్గానే దిగింది.

రోజు 240

మూడో ట్యాంకు నీళ్లలో ఇనుము వాసన. ఈసారి నిజంగానే. పైపు మార్చేదాకా నాకు రెండు షిఫ్టులు. విశ్రాంతి గదిలో కప్పులు ఎవరు కడుగుతున్నారో కూడా తెలియదు.

బావకు ఎడమ కన్ను కూడా పోయిందని అక్క చెప్పింది. పొద్దున లేచి “లైటు ఏసినవా?” అని అడిగాడట. లైటు వేసే ఉంది. అయినా రోజూ ఆటకు వెళ్తున్నారు.

రోజు 246

పైపు మారింది. వాసన పోయింది. పనిబట్టలతోనే విశ్రాంతి గదికి వచ్చాను.

గదిలో పదకొండు మంది ఉన్నారు, అందరి చేతుల్లోనూ కప్పులు. బావ పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని కప్పుల మీదికి తిప్పుతోంది, ఆయన పోస్తున్నాడు. ఇక్కడ చాయ్ నెమ్మదిగా జారుతుంది. చప్పుడు విని ఆపుతున్నాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

ఎవరూ ఏమీ అడగలేదు. కనకయ్య కప్పు పట్టుకుని గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఒక కప్పు వచ్చింది. ఇన్నేళ్లలో ఏ చాయ్ తాగినప్పుడూ నాకు ఇంత ఆనందం కలగలేదు.

రోజు 247

బావ పిలిపించాడు. రాళ్ల సంగతి ఇద్దరికీ తెలిసిందే కాబట్టి దాని గురించి మాట్లాడుకోవచ్చు.

“ఎట్ల ఆర్పినవ్ బావా?”

“మీ అక్క ఊకె, వెలుగు కండ్ల మీద పడుతున్నది, బండలు సక్కగ కనవడుతలెవ్వన్నది. నాకెందుకు గీ దీపం, నీకు అడ్డమైతే తీసేస్త అనుకున్న. చెయ్యి ఒక్క పట్టాన పోలే మరదలా. ముప్ఫై నాలుగేండ్ల చెయ్యి. బంద్ చేసిన. చెయ్యంగనే మీ అక్క కేకేసింది.”

“నేనేం కేకెయ్యలే,” అంది అక్క.

నేను దాచిన నీలం సంగతి ఆయన ఎత్తలేదు. నేను ఎత్తబోతే చేతితో ఆపేశాడు. నాకు గుండె తేలికైంది. అదే ఊపులో అనేశాను, “గా గది గూడ చూసినవ్ గద. ఉత్త ఖాళీ గది.”

బావ మొహం అక్క వైపు తిరిగింది, అక్క పెదవులు బిగించింది.

“ఖాళీనా?” అన్నాడు బావ.

“ఏమున్నది?”

“చాయ్ తాగినవ్ గద నిన్న. తాగినోళ్లు అడగద్దు.”

అక్కను పక్కకు లాగి అడిగాను. అరవై ఏళ్ల మా అక్క, పదకొండేళ్లుగా ఈ ఆటను తిట్టిన మా అక్క, నోట్లోంచి ఒక్క మాట రాల్చలేదు. ఇన్ని రోజులు నేను వాళ్లకు పెట్టిన బాధ ఎలాంటిదో ఇప్పుడు తెలిసొచ్చింది.

రోజు 262

ఓడ సమయానికే వెళ్లింది. అక్క వెళ్లేముందు నా జడ విప్పి మళ్లీ అల్లింది, చిన్నప్పటిలా. బావ అందరి చేతులూ పట్టుకుని పేర్లు చెప్పాడు, ఒక్కటి కూడా తప్పలేదు.

గాలి, తేమ చూడలేదు. రేపు చూస్తాను.

రోజు 265

నాలుగేళ్ల తర్వాత ఆరో గోళానికి వెళ్లాను. దీపం ఆర్పాను. రాళ్లు వెలిగాయి. తలుపు తెరిచాను, గదిలోకి దిగాను. దీపం వెలిగించి గోడలన్నీ వెతికాను. నున్నటి గోడలు, ఖాళీ. రెండు గంటలు.

రోజు 268

మళ్లీ వెళ్లాను. నేలంతా, గోడలంతా తడిమాను. ఏమీ లేదు. బావ నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అని అనుమానం వచ్చింది. ఆయన అలాంటివాడే. కానీ అక్క అలాంటిది కాదు.

రోజు 270

పరీక్ష బల్ల దగ్గర కూర్చుని మధ్యాహ్నం అన్నం తింటున్నాను. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

గదిలోకి దిగగానే నేను ప్రతిసారీ దీపం వెలిగిస్తున్నాను. చూడాలి కాబట్టి. కళ్లున్న వాళ్లందరూ చేసే పనే అది. బావ ఒకసారి ఆర్పాక మళ్లీ వెలిగించి ఉండడు. ఆయనకు దానితో పనేముంది?

అన్నం అక్కడే వదిలేసి కంప్యూటర్ దగ్గరికి వెళ్లాను. ఆటలో ఆ గదిలోకి దిగి చీకట్లో నిలబడ్డాను. మొదట ఏమీ లేదు. పది సెకన్ల తర్వాత పైకప్పంతా చుక్కలు పొడిచాయి. మధ్యలో సూర్యుడు, చుట్టూ గోళాలు, నెమ్మదిగా తిరుగుతూ. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

పది ఉన్నాయి.

ఈ ఆటలో తొమ్మిదే గోళాలని ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా చెబుతారు. పదోది అన్నిటికంటే దూరంగా, ఒంటరిగా ఉంది. నాకు యాభై రెండేళ్లు. కుర్చీలోంచి లేచి విశ్రాంతి గదంతా రెండు సార్లు చుట్టి వచ్చాను. ఎవరైనా చూసి ఉంటే మతిపోయిందనుకునేవాళ్లు.

తర్వాత చాయ్ పెట్టాను. పద్నాలుగు కప్పులు. చక్కెర వేశాను.

రోజు 279

గాలి బాగుంది. తేమ నలభై.

ఇంటివాళ్లతో మాట్లాడుకోవడానికి వారానికి ఇరవై నిమిషాలు ఇస్తారు. ఆ మాటల్ని విశ్రాంతి గది స్పీకర్‌లోకి కలపమని అడిగాను, కలిపారు. మాట వెళ్లి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది.

భూమి బరువుకు కాళ్లు వాచాయని అక్క చెప్పింది. బావ తలనొప్పి తగ్గిందట. చూపు సంగతి నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. బావకు ఇమ్మన్నాను.

“బావా, చాయ్ పెట్టిన.”

రెండున్నర సెకన్లు.

“ఎన్ని లెక్కవెట్టినవ్?”

“గదిల మందున్నరు బావా. రెండు సార్లు లెక్కవెట్టిన.”

“మీ అక్క గూడ రెండు సార్లు లెక్కవెట్టింది.” ఆయన గొంతులో నవ్వు వినిపించింది. “పడవ లేస్తే కండ్లు మూస్కుంటది గదా, దానితోని గంత దూరం పోవుడు కాలే. నువ్వు పోయినవా?”

“ఇంక పోలే. నీతోని మాట్లాడినంక పోదామనుకున్న.”

“అంటె ఆడ ఏమున్నదో నీకు గూడ ఎరుకలేదు.”

“ఎరుకలేదు బావా. ఏం ఎరుకలేదు.”

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్న చప్పుడు వినిపించింది.

“గట్లయితె ఇప్పుడు నీ కండ్లు నాకు పనికొస్తయ్,” అన్నాడు. “పో. చెప్పుకుంట పో. ఒక్కటి గూడ ఇడువకు.”

జాయ్‌స్టిక్ అందుకున్నాను. గదిలో తొమ్మిది మంది ఉన్నారు. కనకయ్య ముందు లేచాడు, కప్పు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. దొరికేది చెవిన పడకూడదని వాడి వెనక ఒక్కొక్కరూ లేచారు. ఎవరూ ఏమీ అడగలేదు. చివరిగా వెళ్లిన వాళ్లు తలుపు దగ్గరికి వేశారు.

పడవ లేపాను. దీపం ఆర్పేశాను. పైకప్పు మీద చూసిన గుర్తుతో తొమ్మిదో గోళం దాటి నేరుగా పోనిచ్చాను. చీకటి, చీకటి అని చెబుతూనే ఉన్నాను. పదకొండు నిమిషాలు అదే చెప్పాను. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తర్వాత చీకట్లో ఇంకా నల్లగా గుండ్రంగా ఒకటి అడ్డం వచ్చింది, చుక్కలను కప్పేస్తూ. అదీ చెప్పాను. పడవ కాళ్లు నేలకు తగిలాయి.

“దిగిన బావా. దీపం ఏస్తలేను. నేల మెత్తగున్నట్టున్నది, పడవ జరంత కుంగింది. ఎడమ పక్క ఏం లేదు. కుడి పక్క దూరంల ఏదో కదులుతున్నది. సన్నగ, ఎత్తుగున్నది. ఏందో తెలుస్తలేదు.”

మాకు ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి.

“దగ్గరికి పో,” అన్నాడు బావ.